తీగ తెంచేముందు ఒక్క మాట

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. ఈమధ్య మన ఇళ్ళలో ఆ రోత జాబితాలోకి ఎక్కిన వస్తువు వైరు టెలిఫోను. ఒకప్పుడు "మాకు ఫోను వచ్చిందండీ" అని పదిమందికీ చెప్పుకున్న మనమే, ఇప్పుడు "లాండ్‌లైను తీయించేశామండీ" అని అంతే గొప్పగా చెప్పుకుంటున్నాం. తీయించేసినవాళ్ళని నేనేమీ అనను. నెలనెలా అద్దె కడుతూ, మీద లేసుగుడ్డ కప్పి దుమ్ము దులుపుతూ, మోగని వస్తువుని ఎన్నాళ్ళని పోషిస్తారు? నా పోట్లాట తీయించటంతో కాదు. "ఇంటర్నెట్టు ఫోను వచ్చాక ఇక ఇంటిఫోనుతో ఎవరికీ పనిలేదు" అంటున్నారే, ఆ మాటతో. ఆ "ఎవరికీ"లో ఎవరున్నారు, ఎవరు లేరు అని చూడకుండానే అనేస్తున్నాం.

నేను వుండేది అరకులోయలో. 2022 ఏప్రిల్ దాకా మాది విశాఖపట్నం జిల్లా. ఆ తరువాత పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మా వాకిట్లో నిలబడి చుట్టూ కొండలకేసి చూస్తే, ఆ మాట ఎంత తొందరపడి అన్నదో తెలిసిపోతుంది.

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. ఇంటర్నెట్టు ఫోను మనకు చేసిన మేలు తక్కువేమీ కాదు. ట్రంకుకాల్ బుక్ చేసి, అది ఎప్పుడొస్తుందోనని పొయ్యిమీద పాలు కూడా మరచి కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే వుంటాయి. ఆ తరువాత ఎస్టీడీ బూతులు వచ్చాయి. మీటరులో అంకెలు గిర్రున తిరుగుతుంటే, చెప్పాలనుకున్న నాలుగు మాటలూ గొంతులోనే వుండిపోయి "అంతా క్షేమమే, వుంటానూ" అని పెట్టేసేవాళ్ళం. ఇప్పుడు మన గొంతుని చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇంటర్నెట్టు దారిన పంపి, అవతల విప్పి మళ్ళీ గొంతు చేసి వినిపిస్తున్నారు. అమెరికాలో వున్న అమ్మాయికి పులిహోర పోపు ఎలా వెయ్యాలో ఇక్కణ్ణుంచి గంటసేపు చెప్పినా, ఇంటర్నెట్టు డబ్బులు తప్ప వేరే బిల్లు లేదు. ఇంతటి సౌకర్యాన్ని కాదనటానికి నాకేమైనా పిచ్చా?

పైగా ఒక విచిత్రం చూడండి. 2020 చివరికి మన దేశంలో ఇంటిఫోనులు దాదాపు 2 కోట్లకు పడిపోయాయి. ఇక దాని పని అయిపోయిందనుకుంటూ వుండగానే, 2024 మార్చినాటికి మళ్ళీ 3 కోట్లు దాటాయి. చచ్చిందనుకున్న ఫోను గాజుతీగ పట్టుకుని, అంటే ఫైబరు మీద, ఇంటర్నెట్టుతోపాటే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మన రాష్ట్రప్రభుత్వమే 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ప్రారంభించి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడూ ఇస్తామంది. చూడటానికి అదే ఫోను, అదే గంట. కాని లోపలి ప్రాణం వేరు. చిక్కంతా అక్కడే వుంది.

పాత వైరు ఫోనుకు కరెంటు మన ఇంటిది కాదు. ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీలు పెట్టి, రాగితీగ వెంబడి 48 వోల్టులు అక్కణ్ణుంచే పంపేవారు. అందుకే ఇల్లంతా చీకటైనా ఆ ఫోను మాత్రం పలికేది. కొత్త ఫోను అలా కాదు. గోడకు తగిలించిన ఇంటర్నెట్టు పెట్టెకు మన ఇంటి కరెంటే ఆధారం. కరెంటు పోతే పెట్టె పోతుంది, పెట్టె పోతే ఫోను పోతుంది.

మాది వానల ప్రాంతం. ఒక్క సిల్వర్‌ఓక్ కొమ్మ విరిగి కరెంటు తీగమీద పడితే చాలు, ఎన్ని గంటలకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కిందటి వానాకాలంలో రెండు రాత్రులు అలాగే గడిచాయి. మా వీధిలో నాలుగిళ్ళలో ఇంటర్నెట్టు ఫోనులున్నాయి, నాలుగూ నోరు మూసుకున్నాయి. తరువాత ఆ కంపెనీ కుర్రాణ్ణి అడిగితే, "ఇన్వర్టరు పెట్టుకోండి మేడమ్" అన్నాడు తాపీగా. మాట్లాడటం ఉచితం, మాట్లాడించే ఇన్వర్టరుకి మాత్రం వేలు! చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే కదూ?

"పోనీ, చేతిలో సెల్‌ఫోనుంది కదా" అంటారు. వుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్నంవాసుల చేతుల్లోనూ వుంది. అంత నగరంలో రోజుల తరబడి సెల్‌ఫోనులు మూగపోయి, ఒకరి క్షేమం ఒకరికి తెలియక జనం అల్లాడిపోయారు. టవరుకీ కరెంటు కావాలి, లేకపోతే బ్యాటరీ కావాలి, అదీ అయిపోతే డీజిలు కావాలి. మహానగరానికే ఆ గతి పట్టినప్పుడు, ఘాటురోడ్డు దాటి, ఆపైన కాలిబాట పట్టి వెళ్ళవలసిన గూడేల సంగతి వేరే చెప్పాలా?

రెండోది, ఆపద వేళ. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మనందరికీ తెలుసు. కాని వాట్సాప్‌లో 108కి ఫోను చెయ్యగలరేమో ఒకసారి అడిగి చూడండి. కుదరదు. అత్యవసర నంబర్లకు మా ద్వారా ఫోను చెయ్యలేరని ఆ కంపెనీవారే తమ షరతుల్లో రాసుకున్నారు. మనవాళ్ళందరి ముఖాలూ చూపించే ఫోను, ప్రాణం మీదికొచ్చినప్పుడు పిలవవలసిన నంబరు మాత్రం పిలవదు.

మూడోది మన ఆడవాళ్ళం ముఖ్యంగా ఆలోచించవలసింది. ఇంటిఫోను ఇంటిది. అత్తగారు ఎత్తవచ్చు, ఆరేళ్ళ పిల్లాడు ఎత్తవచ్చు, పనిమనిషి కూడా ఎత్తి "అమ్మగారు లేరండీ" అనవచ్చు. సెల్‌ఫోను జేబుది. జేబు ఆఫీసుకి వెళ్తే ఫోనూ ఆఫీసుకి వెళ్తుంది. మన ఇళ్ళలో మనిషికొకటి వుంది కనుక మనకీ తేడా కనిపించదు. ఇంటికంతటికీ ఒకటే ఫోనున్నచోట అది మగవాడితో పనిలోకి పోతుంది, లేదా కొడుకుతో ఊరు దాటుతుంది. నెలలు నిండిన కోడలు, ముసలి అత్త ఇంట్లో మిగులుతారు. ఎవరికి ఫోను అవసరమో వాళ్ళ దగ్గర తప్ప అందరి దగ్గరా వున్నట్టే!

ఇక మా కొండల సంగతికి వస్తాను. దూరపు కొండలు నునుపు. అద్దాల రైలుపెట్టెలో కూర్చుని, బొర్రాగుహలు చూసి, ధింసా నాట్యం చూసి, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళకు మా కొండలు మరీ నునుపు. "అబ్బ, రెండురోజులు సిగ్నలే లేదండీ, ఎంత ప్రశాంతంగా వుందో!" అని వాళ్ళు మురిసిపోతుంటే విన్నాను. అదే సిగ్నలు లేక, కోందుల గూడెంలోనో, పోర్జల గూడెంలోనో ఒకమ్మాయికి అర్ధరాత్రి నొప్పులు మొదలైతే ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియదు. రోడ్డు లేదు కనుక కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకు రావాలి. డోలీ రోడ్డు దాకా వచ్చేసరికి అంబులెన్సు అక్కడ సిద్ధంగా వుండాలంటే ముందే ఎవరో కబురు చెయ్యాలి. కబురు చెయ్యటానికి ఒక మనిషి సిగ్నలు దొరికే గుట్ట మీదికి పరుగెత్తాలి. 2018లో మా మన్యానికి బైకు అంబులెన్సులు ఇచ్చారు. మంచిదే. కాని బైకునైనా పిలవటానికి ఒక ఫోనుండాలి కదా!

విడ్డూరమేమిటంటే, వీళ్ళకు ఫోను ఇవ్వటం మరచిన వ్యవస్థ వీళ్ళని ఫోనులో హాజరు కమ్మనటం మాత్రం మరవలేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధిహామీ పనుల హాజరును ఫోను యాప్‌లోనే, రోజుకు రెండు ఫొటోలతో వెయ్యాలని తప్పనిసరి చేశారు. వేలిముద్ర పడటానికి రేషను మిషను పట్టుకుని సిగ్నలు కోసం గుట్టలెక్కిన సంగతి పత్రికల్లో మీరూ చదివే వుంటారు. 2020లో బడులు మూసి ఫోనులో పాఠాలన్నప్పుడు పిల్లలూ అలాగే గుట్టలెక్కారు. ఇచ్చేది లేదు గాని అడిగేది మాత్రం వుందన్నమాట.

"అసలు ఆ కొండలకు వైరు ఫోను ఎప్పుడుంది గనక, ఇప్పుడు పోయిందని ఏడవటానికి?" అన్నాడు మా మేనల్లుడు. వాడు ఇంజనీరు. నిజమే, చాలా గూడేలకు రాగితీగ ఏనాడూ రాలేదు. వచ్చినచోట కూడా తీగ తెగితే లైన్‌మన్ దర్శనం దేవుడి దర్శనమే. నేను రాగితీగకు హారతి పట్టటం లేదు. కాని ఆ రోజుల్లో ఒక నియమం వుండేది: ఊరికొక ఫోను. భారత్ నిర్మాణ్ పథకం కింద 2005లో, ఫోను లేని 66,822 గ్రామాలకు తలా ఒక పబ్లిక్ టెలిఫోను ఇవ్వాలని లెక్కకట్టి మొదలుపెట్టారు. వాటిలో తీగ పోలేని 14 వేలకు పైగా మారుమూల ఊళ్ళకు ఉపగ్రహం ద్వారా ఇవ్వాలన్నారు. ఆ ఫోను ఏ ఒక్కరిదీ కాదు, ఊరిది. సెల్‌ఫోను వచ్చాక ఆ నియమాన్ని అటకెక్కించారు. నేను అటక మీదనుంచి దింపమంటున్నది ఆ నియమాన్ని, తీగను కాదు.

"టవర్లు వేస్తున్నారు కదా అత్తా" అన్నాడు మళ్ళీ. వేస్తున్నారు. 2022 జూలైలో సిగ్నలు లేని గ్రామాలకు 4జీ ఇవ్వటానికి కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేరోజు 100 టవర్లు ప్రారంభిస్తే అందులో 85 మా జిల్లాలోనే. సంతోషం. కాని టవరు ఇచ్చేది సిగ్నలు, ఫోను కాదు. ఫోను కొనుక్కోవాలి, రీఛార్జి చేయించుకోవాలి, ఛార్జింగు పెట్టుకోవాలి. ఆ సిగ్నలుకీ మన గూడేనికీ మధ్య కొండ అడ్డుండకూడదు. ఇన్ని షరతులు నెగ్గితేనే అది ఫోను. కుళాయి వీధి చివర వేసి, ఇంటింటికీ నీళ్ళిచ్చామంటే ఒప్పుకుంటామా?

డబ్బెక్కడిదంటారేమో. మనదే! ఫోను కంపెనీలు తమ రాబడిలో, లెక్కలు సరిచేశాక, నూటికి 5 వంతులు మారుమూల ప్రాంతాల టెలిఫోను సేవలకోసం ప్రభుత్వానికి కట్టాలి. 2002లో పెట్టిన ఆ నిధికి 2023నాటి చట్టంలో డిజిటల్ భారత్ నిధి అని కొత్త పేరు పెట్టారు. కంపెనీల రాబడి అంటే మీరూ నేనూ కట్టే బిల్లులే. మనం పులిహోర పోపు చెప్పుకున్న ప్రతిసారీ మన్యం పేరున ఒక పైసో రెండు పైసలో పడుతున్నాయన్నమాట. ఆ పైసలకు లెక్క అడిగే హక్కు మనకుంది.

ఏం కావాలో కూడా చెప్పకుండా తిట్టి వూరుకోవటం నాకు చేతకాదు. ప్రతి గూడెంలోనూ అంగన్‌వాడీలోనో, బడిలోనో, ఆశా కార్యకర్త ఇంటిలోనో కదలని ఫోను ఒకటి వుండాలి. ఇంటర్నెట్టు ఫోనే పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఫైబరు వెళ్ళేచోట ఫైబరు మీద, లేనిచోట టవరు మీద, అదీ లేకపోతే ఉపగ్రహం మీద. పక్కనే చిన్న సోలారు పలక, ఒక బ్యాటరీ. రీఛార్జి బెడద వుండకూడదు. 108 నొక్కితే పలకాలి. చెడిపోతే ఎన్నాళ్ళలో బాగుచేస్తారో గోడమీద రాసి వుండాలి. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వేసి పని అయిపోయిందనకూడదు. మా ఏజెన్సీలో ఒక్కో పంచాయతీ కింద కొండకొకటి చొప్పున ఎన్నో గూడేలుంటాయి.

మీ ఇంటి సంగతి మీ ఇష్టం. తీయించేముందు మాత్రం కొత్త ఫోనువాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. కరెంటు పోతే ఎన్ని గంటలు పలుకుతుంది? 108కి పోతుందా? నేను ఇంట్లో లేనప్పుడు మా అత్తగారు వాడగలరా? మూడింటికీ సరైన జవాబు వస్తే నిక్షేపంగా తీయించెయ్యండి. రాకపోతే కాస్త ఆగండి.

కాని "ఇంటిఫోనుతో ఇక ఎవరికీ పనిలేదు" అన్న మాట మాత్రం అప్పుడే అనకండి. మా కొండమీద గూడెంలో అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు, మగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు, ఒక ఆడమనిషి లేచి వెళ్ళి ఫోనెత్తి అంబులెన్సుని పిలవగలిగిన రోజున అందాం. ఆ రోజు మీతోపాటు నేనూ అంటాను.