సుట్టా బ్రేకు వాళ్ళూ, చుట్ట వాళ్ళూ

"ఈ రోజుల్లో సిగరెట్ తాగనోడు ఎవడండీ బాబూ!" ఈ మాట వారానికి ఒక్కసారైనా నా చెవిన పడుతుంది. హైదరాబాదైనా బెంగళూరైనా, సాఫ్ట్‌వేర్ ఆఫీసు గేటు దాటగానే ఉండే టీ బండి దగ్గర సాయంత్రం నాలుగింటికి నిలబడి చూస్తే నిజమే కాబోలు అనిపిస్తుంది కూడా. మెళ్ళో ట్యాగులు, ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో సిగరెట్. దానికి "సుట్టా బ్రేక్" అని ఓ ముద్దుపేరు. కొత్తగా చేరిన కుర్రాడికి అలవాటు లేకపోయినా వెళ్ళి నిలబడాల్సిందే. ఎవరు పేపర్లు పెట్టారు, ఎవరికి ఆన్‌సైట్ వచ్చింది, ఏ ప్రాజెక్టు మూతపడబోతోంది లాంటి అసలు సంగతులన్నీ తెలిసేది అక్కడే మరి.

నాకు ఆ అలవాటు లేదు. అలాగని తాగేవాళ్ళకి నీతులు చెప్పే ఉద్దేశమూ లేదు, భయపడకండి. నా గొడవంతా "ఎవడు తాగట్లేదు" అన్న ఆ మాటతోనే. మనం ఇంజినీర్లం కదా, ఒక్క సర్వర్ లాగ్ చూసి సిస్టమ్ మొత్తం ఇలాగే ఉందంటే ఒప్పుకుంటామా? మరి టీ బండి చుట్టూ ఉన్న ఇరవై మందిని చూసి దేశం గురించి తీర్పు ఎలా ఇచ్చేస్తున్నాం?

ముందు లెక్కలు చూద్దాం. బోరు కొట్టకుండా త్వరగా ముగిస్తాను.

మన దేశంలో పెద్దవాళ్ళ పొగాకు వాడకం మీద జరిగిన పెద్ద సర్వేల్లో గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే ఒకటి. 2016-17 లో రెండోసారి జరిగింది. 15 ఏళ్ళు దాటిన 74,037 మందిని ఇళ్ళకి వెళ్ళి అడిగారు. అందులో పొగ తాగేవాళ్ళు 10.7 శాతం. అంటే పదిమందిలో ఒకరు, అంతే! అంతకుముందు 2009-10 లో జరిగిన సర్వేలో ఇది 14 శాతం. మగవాళ్ళని మాత్రమే చూస్తే 19 శాతం, ఆడవాళ్ళలో 2 శాతం. ప్రపంచం మొత్తం మీద కూడా దారి ఇదే. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల్లో 2000 లో పెద్దవాళ్ళలో ముగ్గురికి ఒకరు ఏదో రకంగా పొగాకు వాడేవాళ్ళు, ఇప్పుడు ఐదుగురికి ఒకరు. కాబట్టి "తాగనోడు ఎవడు" అన్న ప్రశ్నకి జవాబు: చాలామంది తాగరండీ. పదిమందిలో తొమ్మిదిమంది.

ఇక్కడితో ఆపేస్తే "హమ్మయ్య, తగ్గిపోతోంది" అనుకుని ఎవరి పని వాళ్ళు చూసుకోవచ్చు. కానీ అదే సర్వేని కాస్త లోపలికి వెళ్ళి చూస్తే ఇంకో బొమ్మ కనపడుతుంది.

ఒకటి, సిగరెట్ తాగేవాళ్ళు దేశంలో 4 శాతమే. బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం, దాదాపు రెట్టింపు. రెండు, పట్నాల్లో పొగ తాగేవాళ్ళు 8.3 శాతం అయితే పల్లెల్లో 11.9 శాతం. మూడు, దేశం మొత్తం మీద కాల్చేవాళ్ళ కంటే నమిలేవాళ్ళు ఎక్కువ. మన ఆంధ్రప్రదేశ్ లో మాత్రం తిరకాసు. నమిలేవాళ్ళు 7.1 శాతం, కాల్చేవాళ్ళు 14.2 శాతం. పొగ విషయంలో దేశం సగటు కంటే మనం పైన ఉన్నాం.

మరి ఆ 14.2 శాతం మంది ఎక్కడున్నారు? మన టీ బండి దగ్గర మాత్రం కాదు.

మాది ఏలూరు వైపు. తాడేపల్లిగూడెంలో చుట్టాలున్నారు, కొల్లేరు అంచున మా పెదనాన్నకి చేపల చెరువు ఉంది. ఊరెళ్ళినప్పుడు ఈ మూడు చోట్లా తిరుగుతూ ఉంటాను. గూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర లారీ బస్తాలు దింపే ముఠా కూలీలని చూడండి. రెండు లోడులకి మధ్య కూర్చున్న ఐదు నిమిషాల్లో చేతిలో ఉండేది బీడీ. ఏలూరులో తెల్లారకముందే ఆటో స్టాండులో, రిక్షా బండి మీద వెలిగేది బీడీ. కొల్లేరు లంకల్లోకి వెళ్తే ముసలివాళ్ళ నోట్లో చుట్ట. వీళ్ళెవరూ సుట్టా బ్రేక్ అనరు. వీళ్ళకి బ్రేక్ అనేదే లేదు, పని మధ్యలో దొరికిన ఊపిరిలోనే పొగ కూడా లాగేస్తారు.

మా పెదనాన్న చెరువుకి కాపలా ఉండే ఆయన్ని నేను చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. అరవై దాటాయి. పగలు నీటికాకుల్ని తోలడం, రాత్రి దొంగలు పడకుండా గట్టు మీద పాకలో మెలకువగా ఉండటం ఆయన ఉద్యోగం. కొల్లేరు గట్ల మీద రాత్రి ఎలా ఉంటుందో అటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తేమ, దోమ, చీకటి. కొన్నేళ్ళుగా ఆయనకి ఆయాసం. గట్టెక్కితే నిలబడి ఊపిరి తీసుకుని గానీ మాట్లాడలేడు. పోయిన సంక్రాంతికి నేను ఉండబట్టలేక "చుట్ట మానెయ్ బాబాయ్" అన్నాను.

"మానేత్తే రేత్రెలా గడుత్తుందండీ బాబూ? పక్కన పలకరించే మడిసి ఉండడు. చుట్టే తోడండి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన పన్నెండు గంటల నైట్ షిఫ్టుకి తోడు ఎవర్ని పెట్టమంటారు? ఆయన్ని ఒకసారి పట్నంలో ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళారు. డాక్టరుగారు మందులు రాసి "చుట్ట మానెయ్" అని ఒక్క ముక్క అన్నారట. ఎలా మానాలో ఎవరూ చెప్పలేదు. ఆ మాత్రం అన్నందుకైనా సంతోషించాలేమో. ఎందుకంటే అదే సర్వే ప్రకారం, ఏదో ఒక జబ్బుకి వైద్యుడి దగ్గరికి వెళ్ళిన పొగరాయుళ్ళలో మానమని సలహా అందింది 48.8 శాతం మందికే. మిగతా సగానికి ఆ ఒక్క ముక్క కూడా దక్కలేదు.

"బీడీ, చుట్ట ఆకులే కదా, సిగరెట్టంత చెడ్డవి కావులే" అనే నమ్మకం ఒకటి మన పల్లెల్లో గట్టిగా ఉంది. చదువుకున్నవాళ్ళలో కూడా ఉంది. 2008 లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో మన దేశంలో పొగ వల్ల పోయే ప్రాణాల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 30-69 ఏళ్ళ మధ్య చనిపోయే మగవాళ్ళలో ఐదుగురికి ఒకరి చావుకి కారణం పొగే అని తేల్చింది. బీడీ తాగే మగవాడికి సుమారు ఆరేళ్ళు, ఆడమనిషికి సుమారు ఎనిమిదేళ్ళు ఆయుష్షు తగ్గుతుందని లెక్క కట్టింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒక్కటే కాదు, మన దగ్గర టీబీ కూడా ఇందులో పెద్ద వాటాదారు.

ఇప్పుడు ప్రభుత్వం ఏం చేస్తోందో చూడండి. చట్టం ఉంది. 2003 నాటి కోట్పా. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. బడికి 100 గజాల లోపల అమ్మకూడదు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ. 2018 సెప్టెంబరు నుంచి ఆ బొమ్మ పక్కనే, మానాలనుకునేవాళ్ళకి 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు. అన్నీ మంచివే. మన ఆఫీసు లోపల, రైల్లో, సినిమా హాల్లో పొగ లేదంటే ఈ చట్టం పుణ్యమే.

కానీ వీటిలో కొల్లేటి గట్టు దాకా వెళ్ళేది ఎంత? గట్టు మీద జరిమానా రాసేవాడు ఉండడు. ఆకు కొనుక్కుని ఇంట్లో చుట్టుకున్న చుట్టకి ప్యాకెట్టే ఉండదు. ప్యాకెట్ లేకపోతే బొమ్మ లేదు, ఫోన్ నంబరూ లేదు. చదవడం రానివాడికి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

పన్ను సంగతి ఇంకా చిత్రం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్ ని 40 శాతం శ్లాబులోకి పంపాలని, బీడీని మాత్రం 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించింది. దీని వెనక కారణం తీసిపారేసేది కాదు. తెలంగాణలో నిజామాబాద్ లాంటి జిల్లాల్లో లక్షలమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టి బతుకుతున్నారు. వాళ్ళ పొట్ట కొట్టకూడదు, నిజమే. కానీ వాళ్ళని కాపాడాలంటే వాళ్ళ కూలి పెంచాలి, వేరే పని చూపించాలి గానీ, ఇంకో పేదవాడికి బీడీ చవక చేయడమేంటి? 2016-17 లో రోజూ సిగరెట్ తాగేవాడి నెల ఖర్చు సగటున 1,192 రూపాయలు, బీడీ తాగేవాడిది 284. చవకగా దొరికేదాన్ని ఇంకా చవక చేసి, "పేదలకి మేలు చేశాం" అనుకోవడం నాకు మింగుడు పడదు.

"పోనీలేండి పాపం, వాళ్ళకున్న సుఖం అదొక్కటే" అనే వాదన కూడా ఉంది. మా పెదనాన్న వాదన ఇదే. వినడానికి జాలిగానే ఉంటుంది. కానీ మన ఇంట్లో వాళ్ళ విషయంలో ఆ మాట అంటామా? మన నాన్నకి స్టెంట్ వేస్తే ఆ రోజే ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ బయట పారేస్తాం. చెరువు కాపలా ఆయన దగ్గరికొచ్చేసరికి అది "సుఖం" అయిపోతుంది. సర్వే చూస్తే పొగ తాగేవాళ్ళలో 55.4 శాతం మంది మానాలన్న ఆలోచనలో ఉన్నారు. 38.5 శాతం మంది అంతకుముందు ఏడాదిలో మానడానికి ప్రయత్నించారు కూడా. సుఖంగా ఉన్నదాన్ని ఎవడైనా వదిలించుకోవాలని చూస్తాడా?

ఇంకో విషయం. ఆఫీసు బయట ఒకమ్మాయి సిగరెట్ వెలిగిస్తే ఎన్ని తలలు తిరుగుతాయో మీకు తెలుసు. "మన సంస్కృతి ఏమైపోతోంది" అని వాట్సాప్ గ్రూపుల్లో బాధపడేవాళ్ళు బోలెడు. అయ్యా, మన గోదావరి జిల్లాల్లో చుట్ట కాల్చిన మామ్మల్ని ఎవరూ చూడలేదా? ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటునీ, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ నీ డాక్టర్లు 1960లు, 70ల నుంచే పరిశోధిస్తున్నారు. ఆ ముసలమ్మల గురించి ఏ సంస్కృతీ కంగారు పడలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడే ఆడవాళ్ళు 3.8 శాతం, మగవాళ్ళు 22.6 శాతం. మగవాళ్ళు ఆరు రెట్లు. బాధపడాలంటే ముందు ఎవరి గురించి బాధపడాలో చూసుకోండి.

మా జిల్లా గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మెట్టలో పండే వర్జీనియా పొగాకు మంచి పేరున్న పంట. బ్యారన్లలో కాల్చి, గుంటూరులో ఆఫీసున్న పొగాకు బోర్డు పెట్టే వేలం కేంద్రాలకి తెస్తారు. అక్కడినుంచి సిగరెట్ కంపెనీలకీ, విదేశాలకీ పోతుంది. రైతుని నేను తప్పు పట్టను. ధర పడిపోయిన ఏడాది ఆయన బాధ ఆయనది. కానీ ఒకే కేంద్ర ప్రభుత్వంలో వాణిజ్య శాఖ కింద ఉన్న బోర్డు ఆకు అమ్మిపెడుతుంటే, ఆరోగ్య శాఖ బొమ్మలు అచ్చు వేయిస్తుంది. ఈ రెంటి మధ్య, ఆ మెట్ట ఆకుతో ఏ సంబంధం లేని కొల్లేరు మనిషి దగ్గుతూ కూర్చున్నాడు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. పొగ తగ్గుతున్న మాట నిజం, కానీ తగ్గించే సాధనాలన్నీ మనలాంటివాళ్ళ కోసం తయారయ్యాయి. మనకి కంపెనీ హెల్త్ చెకప్ ఉంది. తాగనివాడికి టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గుతుంది. నికోటిన్ గమ్ కొనుక్కోగలం, గూగుల్ లో వెతుక్కోగలం. ఇవేవీ లేనివాడికి మిగిలింది "మానెయ్" అన్న ఒక్క ముక్క. పన్ను వేస్తే బీడీకీ వేయాలి, ఆ డబ్బుతో మండలం ఆస్పత్రిలో మానడానికి సాయం చేసే మనిషిని కూర్చోబెట్టాలి. ఆయాసంతో వచ్చినవాడికి మందుచీటీతో పాటు పది నిమిషాల టైము ఇవ్వాలి. ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు గురించి ఇంటింటికీ వెళ్ళి అడుగుతున్నట్టే చుట్ట గురించి కూడా వివరంగా అడగాలి, తర్వాత మళ్ళీ వచ్చి కనుక్కోవాలి.

అవన్నీ అయ్యేలోపు మనం చేయగలిగింది చిన్నదే. పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ పొలంలో, చెరువు మీద, ఇంట్లో పనిచేసేవాళ్ళలో ఎవరు కాలుస్తున్నారో ఒకసారి చూడండి. నీతులొద్దు. దగ్గుందా, ఆయాసముందా అని అడగండి. ఉంటే మీరే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ ఫోన్ నంబరు మీ ఫోన్ నుంచే కలిపి ఇవ్వండి. రాత్రి కాపలాకి ఇంకో మనిషిని పెట్టే స్తోమత మీ వాళ్ళకుంటే పెట్టమనండి. నేను మా పెదనాన్నతో ఆ చివరి విషయం మీద ఇంకా గొడవ పడుతూనే ఉన్నాను. "ఇద్దరికి జీతం ఎవడిస్తాడ్రా, నువ్విస్తావా?" అంటున్నారు. సగం నేనిస్తానన్నాను. ఇంకా ఔననలేదు, కాదనీ అనలేదు.

మరి మీ ఊళ్ళో ఎలా ఉంది?