గర్భిణిని ఏకాంతంలో అడిగేదెవరు?

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. 2016లో ఆరంభమైన కేంద్ర పథకమది. రక్తపోటు చూస్తారు, రక్తం పరీక్షిస్తారు. భర్త కొడుతున్నాడా అన్న ప్రశ్న మాత్రం అరుదు. అడిగినా పక్కన అత్తగారుంటే ఏ కోడలు నోరు విప్పుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల వివాహితలలో భర్త చేతిలో హింసకు గురైనవారు కర్ణాటకలో 44.4 శాతం, తమిళనాడులో 38.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. సర్వే సిబ్బంది ఇంటికొక్క స్త్రీనే ఎంచుకొని, ఎవరూ వినని చోటు దొరికితేనే ఈ ప్రశ్నలు వేశారు. అందుకే ఆ మాత్రం నిజమైనా బయటపడింది. దేశం మొత్తంమీద బాధితులలో సాయం కోరినవారు 14 శాతమే.

వచ్చిన ప్రతి స్త్రీనీ అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పలేదు. గాయాలు, కారణం తెలియని నొప్పులు, కుంగుబాటు వంటి గుర్తులు కనిపించినప్పుడు, ఏకాంతంలో అడగమన్నది. అమెరికా నిపుణుల బృందం 2018లో సంతానయోగ్య వయస్సు స్త్రీలందరినీ అడగాలన్నది. కిక్కిరిసిన మన ఆసుపత్రి వరండాలకు మొదటి పద్ధతే తగినది.

సరిహద్దు పల్లెలలో మరో చిక్కున్నది. పావగడ, హోసూరు వైపు కోడలిగా వచ్చిన తెలుగింటి ఆడపడుచును డాక్టరు కన్నడంలోనో, తమిళంలోనో ప్రశ్నిస్తే దుబాసీ ఎవరు? వెంట వచ్చిన భర్తే, కాకుంటే ఆడబిడ్డ! తెలుగు తెలిసిన నర్సుకు ఈ పని అప్పగించవచ్చు. ఆశా కార్యకర్త అదే వీధి మనిషైతే మాట ఊరంతా పాకుతుందన్న జంకు సహజం. భర్తను మందుల చీటీతో కాసేపు బయటికి పంపితే చాలు, అడగడానికి వీలు చిక్కుతుంది. చెప్పిన సంగతిని తాయి కార్డులో మాత్రం రాయరాదు. అది ఇంట్లో అందరి చేతులలో తిరిగే కార్డు.

ముంబయి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000లోనే 'దిలాసా' పేరిట బాధితుల సహాయ కేంద్రం వెలిసింది. 2006 అక్టోబరు 26 నుంచి గృహహింస నిరోధక చట్టం అమలులో ఉన్నది. గృహహింస నివేదిక లేదన్న సాకుతో ఏ ఆసుపత్రీ వైద్యం నిరాకరించరాదు. ఆ నివేదికను ఆసుపత్రే నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక ప్రతిని బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి.

అత్తిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు మరో రాష్ట్రం అయినవారికి 27వ సెక్షన్ ముఖ్యం. తాత్కాలికంగా తలదాచుకున్న పుట్టింటి ఊరి మేజిస్ట్రేటు కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడి ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. మహిళా సహాయవాణి నంబరు 181.