పేరు తెలియని చిమ్మట

వానకాలపు రాత్రి ఒకనాడు మా వరండాలోని దీపం వద్దకు పెద్ద చిమ్మట ఒకటి వచ్చి గోడకు అంటుకొన్నది. ఆకుపచ్చని రెక్కల మీద తెలుపు, గులాబి చాయల మెలికలు. “విషపు పురుగేమో!” అంటూ మా పెద్దమ్మ చీపురు అందుకొన్నది. ఆమెను వారించి ఫొటో తీసి, ఇటువంటి వాటియందు ఆసక్తి గల మిత్రులకు చూపాను.

ఒకరు తక్షణమే ఒక పేరు చెప్పారు. మరొకరు కాదన్నారు. మూడవ వారు పేరు జోలికి పోకుండా, “మీ పెరటిలో గన్నేరు గాని, నందివర్ధనం గాని ఉన్నదా?” అని అడిగారు. గన్నేరు ఉన్నది. ఆకుల క్రింద వెదకగా, వెనుక చిన్న కొమ్ము, ముందుభాగాన కన్నుల వంటి రెండు నీలి మచ్చలు గల గొంగళిపురుగు కనిపించినది. మా అతిథి గన్నేరు ఆకులు తిని పెరిగే చిమ్మట. శాస్త్రనామం డాఫ్నిస్ నెరీ. అది కుట్టదు, కరవదు. గాలిలో నిలిచి పూలతేనె త్రాగుతుంది. చీపురు మూలకు చేరినది.

నా దృష్టిలో ఆ మూడవ వారి ప్రశ్నయే అసలైన విద్య. మన దేశంలో సీతాకోకచిలుకలు సుమారు 1,300 రకాలు కాగా, చిమ్మటలు 10,000కు పైగా ఉన్నాయి. హాంప్సన్ అనే ఆంగ్లేయుడు 1892 నుండి 1896 వరకు వీటిపై నాలుగు సంపుటాలు వెలువరించాడు. అన్నింటినీ ఒక్కరే గుర్తించడం అసాధ్యం. కొన్నింటినైతే లోపలి అవయవాలను పరీక్షించనిదే వేరుపరచలేరు. అటువంటప్పుడు “కుటుంబం మాత్రమే చెప్పగలను” అనడం నిజాయితీ. మనవారు దానిని ఓటమిగా ఎందుకు భావిస్తారో నాకు అర్థం కాదు.

ఇదంతా తీరిక గలవారి వినోదమనేవారు 2018ని తలచుకోవాలి. ఆ మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలలో ఒక గొంగళిపురుగు కనబడినది. పైపైన చూస్తే మనకు తెలిసిన లద్దెపురుగే. కాని తలపై తలక్రిందులైన ‘వై’ గుర్తు, వెనుకభాగాన చదరంగా నాలుగు చుక్కలు ఉన్నాయి. అది అమెరికా ఖండాల నుండి వచ్చిన కత్తెర పురుగు. ఒక చిమ్మట పిల్లయే. ఆ ఏడే తెలుగు నేలకూ ప్రాకినది. ఏ పురుగైతేనేమి, మందు కొట్టడమే కదా అని కొందరు అనవచ్చు. వచ్చినది కొత్త శత్రువని తెలియకపోతే ప్రక్క జిల్లా రైతును హెచ్చరించేదెవరు?

ఆ ఫొటో వెనుక పేరుతోపాటు తేదీ, స్థలం, గన్నేరు సంగతి వ్రాసి ఉంచాను. మొదట పొరబడిన మిత్రుడు కూడా తన పుస్తకంలో పాత పేరు కొట్టివేసి, ప్రక్కన కొత్తది వ్రాసుకొన్నాడు.