గట్టు వేరు, ఘాటు వేరు

మా పట్టిసీమలో సైకిలు దిగి నడిపించుకుపోవడమంటే నామోషీ. ఈ నామోషీ నా ప్రాణంమీదికి తెచ్చిన వైనం ఈ వారం మీకు చెప్పదలచుకున్నాను. ఇందులో కొంత భాగం మా ఆవిడకు ఇంతవరకు తెలియదు. పత్రిక ఇంటికి వచ్చిన తర్వాత జరగబోయేది నేను చూసుకుంటాను లెండి.

గోదావరి నడుమ కొండమీద వీరభద్రస్వామి గుడి వుందని మీకు తెలుసు. శివరాత్రికి వచ్చిపోయేవాళ్ళు గుడిని గుర్తుపెట్టుకుంటారుగాని పడవెక్కిన రేవును గుర్తుపెట్టుకోరు. మాకు రేవే ముఖ్యం. రేవునుంచి ఏటిగట్టుమీదికి ఒక ఏటవాలు దారి. మహా అయితే ముప్ఫై గజాలుంటుంది. చిన్నతనంలో మా నాన్నగారి నల్లసైకిలు మీద ఆ దారి ఎక్కడం మాకొక పరీక్ష. నీళ్ళ అంచుదాకా వెనక్కి వెళ్ళి, తల వంచుకుని, పళ్ళు బిగించి, ఒక్క వూపున గట్టెక్కాలి. నడుమ కాలు దించినవాణ్ణి వారంరోజులు వెక్కిరించేవాళ్ళం. నేను ఒక్కసారి కూడా దించలేదు. ఆ గర్వం నలభై ఏళ్ళు దాచుకున్నాను.

గోదావరి జిల్లాలవాడికి ఎత్తు ఎక్కడంలో చదువంతా ఈ గట్టు చదువే. మా నేల అలాంటిది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, నీళ్ళు వాటంతట అవే పొలాలకు పోయేలా కాలువలు తీయించగలిగాడంటే, నేల అంత మెల్లగా వాలి వుండబట్టే. ఆ కాలువగట్ల వెంట రోజుకు పాతిక కిలోమీటర్లు తొక్కేవాడు కూడా, పాపం, కొండంటే ఏమిటో ఎరగడు. ఎగువన పోలవరం పైన నీలంగా కనిపించే కొండల్ని మేము చూడ్డమేగాని ఎక్కిందెప్పుడు?

మా మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి కుర్రాళ్ళకు, వాళ్ళలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది, ఆదివారం తెల్లవారుజామున లేచి నంది కొండ సైకిలుమీద ఎక్కడం ఒక వ్రతం. వాడు సంక్రాంతి శలవులకు రెండు సైకిళ్ళు కారుమీద కట్టుకుని దిగాడు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హేండిలు, ఒక్కొక్కటి పది కిలోలు లేదు. ఒక వేలితో ఎత్తి చూపించాడు. "మామయ్యా, మారేడుమిల్లి ఘాటు ఎక్కుదాం రండి" అన్నాడు.

"యాభైనాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పుడు కొండలెక్కే సరదా ఏమిటండీ?" అన్నది మా ఆవిడ.

ఆ మాట అనకపోతే మానేవాణ్ణేమో.

రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరి రాత్రి అక్కడే పడుకున్నాం. చింతూరు వైపుకు దిగే రోడ్డే ఘాటు. పొద్దున్నే సైకిళ్ళు కారులో వేసుకుని కొండ అడుక్కు దిగి, అక్కడినుంచి మారేడుమిల్లికి ఎక్కిరావాలని ఏర్పాటు. అడవి, మంచు, పక్షుల కూతలు, అంతా బాగానే వుంది. "మామయ్యా, చిన్న గేరులో వెయ్యండి. ఇప్పట్నుంచే వేసుకోండి" అని మా వాడు రెండుసార్లు చెప్పాడు. చిన్న గేరు ముసలాళ్ళకుగాని నాకెందుకన్నాను. ఎదురుగా రోడ్డు లేచి నిలబడి కనిపించేసరికి నాకు మా రేవు గుర్తుకొచ్చింది. తల వంచాను, పళ్ళు బిగించాను, ఒక్క వూపు.

మొదటి మలుపుదాకా మా వాణ్ణి దాటిపోయాను కూడా. రెండో మలుపు దగ్గర వూపిరి అందలేదు. మూడోది వచ్చేసరికి ఛాతీమీద ఎవరో కూర్చున్నట్టుగా బిగించింది. నోరు ఎండింది, కళ్ళముందు చిన్న చిన్న మిణుగురులు. అప్పుడైనా దిగాలా? వెనక మేనల్లుడు వస్తున్నాడు, చూస్తాడు! ఇంకో ముప్ఫై గజాలు తొక్కాను. ఆ ముప్ఫై గజాలే నేను మా ఆవిడకు చెప్పనిది. చివరికి దిగడం కూడా నేను దిగలేదు. సైకిలే ఆగిపోయి నన్ను రోడ్డు పక్క గడ్డిలో దించింది.

అక్కడ చతికిలబడి ఎగరోజుతూండగా, నెత్తిన కట్టెలమోపుతో ఒక పెద్దావిడ దిగువనుంచి నడిచివచ్చింది. అంతకు ముందు నేను ఆవిణ్ణి బ్రహ్మాండమైన వేగంతో దాటిపోయివున్నాను. ఆవిడ నన్ను చూసి, "కూర్చో బాబూ" అని, అడుగు తేడా రాకుండా మలుపు తిరిగి పైకి వెళ్ళిపోయింది.

తర్వాత దీని లెక్కేమిటో కూర్చుని ఆలోచించాను. మీకూ చెపుతాను, సైకిలు తొక్కే పిల్లలున్న ఇళ్ళలో పనికివస్తుంది.

నూరు మీటర్లు పోతే ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు వుందనుకోండి. కిలోమీటరు పోతే ఎనభై మీటర్లు, అంటే పాతికంతస్తుల మేడ. నా బరువు డెబ్భైఅయిదు కిలోలు, సరిగ్గా ఒక ధాన్యం బస్తా. సైకిలు పది. ఆ బస్తాను, పైన పదికిలోల మూటతో సహా, మేడమీదికి చేర్చడమే పని. మా వూళ్ళో 2015లో మొదలైన ఎత్తిపోతల చూడ్డానికి చాలామంది వస్తూ వుంటారు. ఇరవైనాలుగు పంపులు సెకనుకు ఎనిమిదివేల అయిదువందల ఘనపుటడుగుల గోదావరిని పైకెత్తి కాలువలో పోస్తాయి. కొండెక్కే సైకిలువాడు అచ్చంగా అలాంటి పంపే. ఎత్తాల్సిన బరువు మారదు, ఎత్తాల్సిన ఎత్తు మారదు. ఎంతసేపట్లో ఎత్తుతావన్నదొక్కటే వాడి చేతిలో వున్నది.

ఆ వాలులో గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతే, ఎత్తడానికే గుర్రపు శక్తిలో అయిదోవంతు కావాలి. అలవాటున్న మనిషి అది చాలాసేపు ఇవ్వగలడు. వేగం పదహారు చేస్తే అయిదింట రెండువంతులు. మామూలు మనిషికి అది కొద్ది నిమిషాల ముచ్చట. అయితే రేవు దగ్గర గట్టెలా ఎక్కామంటారా? వయసులో వున్నవాడు కొన్ని సెకన్లపాటు పూర్తి గుర్రపు శక్తి చూపగలడు. కండల్లో నిలవవున్న సరుకుతో పని జరిగిపోతుంది, వూపిరి బాకీ గట్టుమీద నిలబడి తీర్చుకోవచ్చు. ముప్ఫై గజాల గట్టుకు ఆ అప్పు సరిపోతుంది. కిలోమీటర్ల కొలది వుండే ఘాటుకు అప్పుచేసి బయల్దేరినవాడు మూడో మలుపు దగ్గరే దివాలా. బల్లపరుపు రోడ్డుమీద మన శత్రువు గాలి, ఎవడి వెనకనో నక్కి పోతే శ్రమ తగ్గుతుంది. కొండమీద గాలి లెక్కలోకే రాదు, అంచేత ఎవరి చాటునా దాక్కోవడానికి వీల్లేదు.

ఇక చిన్న గేరు మాట. నల్లసైకిలుకు ముందు పళ్ళచక్రం నలభైనాలుగు పళ్ళది, వెనక ఫ్రీవీలు పద్ధెనిమిది పళ్ళది అనుకుంటే పెడలు ఒక్క చుట్టుకు సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. మా వాడి సైకిలుకు ముందూ వెనకా ముప్ఫైనాలుగేసి పళ్ళు కలిపితే ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకే. అదే గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోవాలంటే నల్లసైకిలు మీద నిమిషానికి ఇరవైనాలుగు తొక్కులు, ఒక్కొక్కటి మోకాలు విరిగేటంత. చిన్న గేరులో అరవై పైచిలుకు తొక్కులు, ఒక్కొక్కటీ తేలిక. కొండ పనిని తగ్గించడం ఎవరి తరమూ కాదు, గేరు దాన్ని చిల్లరగా మార్చి ఇస్తుంది.

చిన్న గేరు ముసలాళ్ళకేనన్న నా మాట నాకన్న ముందు గొప్పవాడొకడు అన్నాడని తర్వాత తెలిసి కొంత వూరట కలిగింది. ఫ్రాన్సులో టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన హెన్రీ దెగ్రాంజ్ 1902లోనే, గేర్లు నలభైఅయిదు దాటినవాళ్ళకే పనికివస్తాయని రాశాడు. ఆయన 1910లో తన పందెగాళ్ళను పిరనీ పర్వతాలమీద తూర్మలే కనుమ ఎక్కించాడు. అప్పటికి రోడ్డనేది పేరుకే. గేర్లు మార్చే మర మాత్రం 1937 దాకా రానివ్వలేదు. కొండ అడుగున దిగి, వెనక చక్రం వూడదీసి, తిప్పి బిగించుకుంటే రెండోవైపు పెద్ద పళ్ళచక్రం దొరికేది. అంతే వాళ్ళ గేరు మార్పు. అదే దేశంలో సెంతెతియేన్ పట్టణంలో పాల్ ద వివీ అనే ఆయన, వేలోసియో పేరుతో సైకిలు పత్రిక నడిపినవాడు, ముసలితనందాకా గేర్లకోసం వాదించాడు, కొండలెక్కాడు. ఆకలి కాకముందే తిను, దాహం కాకముందే తాగు, గొప్పకోసం తొక్కకు అని ఆయన బోధ. ఆయన 1930లో పోయాడు, గేర్లు పందెంలోకి రావడం చూడలేదు. ఇప్పుడు దెగ్రాంజ్ పందెంలోనే గేరు లేని సైకిలు కనిపించదు.

ఆ రోజు నన్ను కారులో వేసుకుని మారేడుమిల్లి చేర్చిన మా వాడు మాట్లాడకుండా రెండు పనులు చేశాడు. ఇంటికి ఏమీ చెప్పలేదు. మర్నాడు నన్ను డాక్టరు దగ్గరకు లాక్కుపోయాడు. ఆ డాక్టరు నడిచేపట్టా మీద నన్ను పరుగెత్తించి గుండె పటం తీశాడు. గుండెకు ఢోకా లేదు. రక్తపుపోటు మాత్రం వుంది, అదీ ఎప్పట్నుంచో. మాత్ర రాసిచ్చి, "కొండెక్కండి, కాని మాట్లాడుతూ ఎక్కండి. వాక్యం మధ్యలో తెగితే వేగం తగ్గించాలి. ఛాతీ బిగిస్తే దిగాలి, మళ్ళీ ఎక్కకూడదు, తిన్నగా నా దగ్గరకు రావాలి" అన్నాడు. నలభై దాటినవాళ్ళు, ముందు ఆ పరీక్ష చేయించుకోండి. నాలాగా తర్వాత కాదు.

నెలరోజులు ఏటిగట్టుమీద మాట్లాడుతూ తొక్కడం సాధన చేశాను. ఎవరితోనంటే నాలో నేనే. వూళ్ళో కొంత పేరు వచ్చింది.

మార్చిలో మళ్ళీ వెళ్ళాం, ఈసారి మా ఆవిడ కూడా కారులో వచ్చింది. వాలు ఇంకా రాకముందే, చెయినుమీద బరువు పడకముందే గేరు మార్చాను. బరువు పడ్డాక మారిస్తే చెయిను కటకటలాడి జారిపోతుంది. సీటుమీద వెనక్కి జరిగి కూర్చుని, హేండిలును పాలగిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాను. బిగించి లాగితే ముందు చక్రం లేస్తుంది, చేతుల శ్రమంతా దండగ. నిలబడి తొక్కడం నడుము విడవడానికి పదిపదిహేను తొక్కులు చాలు.

మలుపుల దగ్గర ఒక కిటుకు వుంది. మనం ఎడమవైపు పోయేవాళ్ళం గనుక ఎడమ మలుపు వచ్చినప్పుడు మనకు లోపలి అంచు వస్తుంది, అక్కడ రోడ్డు గోడలా నిటారు. కుడి మలుపులో బయటి అంచు మనది, అక్కడ కాస్త విశ్రాంతి. కాబట్టి ఎడమ మలుపు ముందు వూపిరి దాచుకుని కుడి మలుపులో తాగండి, తినండి. నేను చక్కెరకేళీలు, తాటిబెల్లం ముక్కలు జేబులో వేసుకున్నాను. ఎత్తు తగ్గించడానికి అటూ ఇటూ పాములా తొక్కే పద్ధతి మా రేవులో పాలవాళ్ళు చేసేవారు. ఘాటులో పైనుంచి లారీ దిగుతూ వుంటుంది, ఆ పని చేయకండి. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి వుంచకండి. వేడెక్కి పట్టు పోతుంది. పట్టి వదలాలి, పట్టి వదలాలి.

రెండుచోట్ల దిగి నడిచాను. నడక వేగానికి, నా తొక్కుడు వేగానికి పెద్ద తేడా లేదని అప్పుడు తెలిసింది. మా వాడు పైన ఎప్పుడో చేరి, చెట్టుకింద కునుకు తీస్తున్నాడు. మా ఆవిడ రోడ్డు పక్క రాయిమీద కూర్చుని వుంది.

"ఎన్నిసార్లు దిగారు?" అన్నది.

"రెండుసార్లు."

"క్రితంసారి?"

"ఒక్కసారే" అన్నాను. అబద్ధం కాదు గదా!

వచ్చే కార్తీకంలో విశాఖనుంచి అనంతగిరి ఘాటుమీదుగా అరకు పోవాలని అనుకుంటున్నాం, సైకిళ్ళమీద నేనూ మా వాడూ. మా ఆవిడ రైల్లో వస్తుందట. కిటికీ పక్క సీటులో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వస్తానని, బొర్రా దగ్గర వేడి కాఫీతో కనిపిస్తానని అంటున్నది. ఈ వ్యాసం చదివాక ఏమంటుందో చూడాలి.