దరఖాస్తు మీది... సంతకం ఒక్కటేనా మీది?

పెళ్ళయింది. పదహారు రోజుల పండగా అయింది. సెలవు అయిపోయి అబ్బాయి మెల్‌బోర్న్ విమానం ఎక్కేశాడు. ఇక అక్కణ్ణించి గుళ్ళో, పేరంటంలో, కూరల బండి దగ్గర ఒకటే ప్రశ్న - "అమ్మాయికి వీసా ఎప్పుడొస్తుందండీ?"

తల్లి "అల్లుడుగారు చూసుకుంటున్నారు" అంటుంది. తండ్రి "ఏజెంటుకి ఇచ్చేశాం" అంటాడు. అమ్మాయినే అడిగితే "ఏమోనండీ, సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను" అంటుంది. ఇదిగో, ఈ చివరి జవాబు గురించే ఈ వారం మీతో కాస్త గట్టిగా మాట్లాడాలనుకుంటున్నాను.

చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. వంకాయలు కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. మరి మన బతుకు ఏ దేశంలో, ఏ హక్కుతో సాగుతుందో తేల్చే కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టేయడమేమిటి, చెప్పండి?

ముందు అసలు సంగతి. ఆస్ట్రేలియా పౌరుణ్ణో, అక్కడ శాశ్వత నివాసం వచ్చినవాణ్ణో పెళ్ళాడిన అమ్మాయి మన దేశం నుంచి పెట్టుకునేది పార్ట్‌నర్ వీసా. దానికి 309, 100 అని రెండు నంబర్లు. దరఖాస్తు రెండింటికీ కలిపి ఒకటే, ఫీజూ ఒకసారే. ముందు 309 ఇస్తారు, అది తాత్కాలికం. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి రెండేళ్ళు గడిచాక, కాపురం సాగుతోందని చూసి 100 ఇస్తారు, అది శాశ్వతం. దరఖాస్తు నాటికే చాలా ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకి రెండూ వెంటవెంటనే రావచ్చుగానీ, కొత్త పెళ్ళికూతుళ్ళకి ఆ ఊసు లేదు. 309కి దరఖాస్తు పెట్టే రోజున అమ్మాయి ఆస్ట్రేలియా బయట ఉండాలి.

అబ్బాయి చదువుకునే వీసా మీదో, తాత్కాలిక ఉద్యోగ వీసా మీదో ఉంటే ఇది వర్తించదు. అప్పుడు ఆయన వీసాకే మిమ్మల్ని కలుపుతారు. కాబట్టి సంబంధం మాట్లాడేటప్పుడే అడగండి. "అబ్బాయి ఆస్ట్రేలియాలో సెటిలయ్యాడు" అన్న మాట పెళ్ళిళ్ళ పేరయ్యకి సరిపోతుందేమోగానీ వీసా ఆఫీసుకి సరిపోదు. ఏ వీసా, ఏ నంబరు, ఎప్పటివరకు? జాతకం అడిగినంత మామూలుగా అడగాలి ఈ మూడూ.

ఇక ఆ ఫారంలో దరఖాస్తుదారు ఎవరనుకుంటున్నారు? మీరే. ఆయన స్పాన్సరు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. దరఖాస్తంతా ఇప్పుడు కంప్యూటర్లోనే, ఇమ్మిఅకౌంట్ అనే ఖాతా తెరిచి పెడతారు. ఆ ఖాతాకి ఇచ్చిన ఈ-మెయిలుకే అన్ని కబుర్లూ వస్తాయి - ఫలానా కాగితం పంపండి, ఫలానా తేదీలోగా జవాబివ్వండి అని. రెండేళ్ళ తర్వాత శాశ్వత వీసాకి మళ్ళీ రుజువులు పంపమనే కబురూ అక్కడికే వస్తుంది. ఆ ఈ-మెయిలు ఆయనదో, మరిదిదో, ఏజెంటుదో అయితే మీ వీసా సంగతి మీకు ఇంకొకరు చెబితేనే తెలియాలి. అందుకని మీ పేరుతో ఒక ఈ-మెయిలు పెట్టుకోండి, దాని పాస్‌వర్డు మీకు తెలిసి ఉండాలి. పూర్తయిన ఫారం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇది మొగుణ్ణి నమ్మకపోవడం కాదు. బ్యాంకు పాసుపుస్తకం మన బీరువాలో పెట్టుకుంటే బ్యాంకువాణ్ణి నమ్మనట్టా?

సరే, రుజువుల దగ్గరికొద్దాం. మన ఇళ్ళకి చిక్కంతా ఇక్కడే. పెళ్ళి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు వాళ్ళకి. మీ ఇద్దరిదీ నిజమైన కాపురమా కాదా అని నాలుగు వైపుల నుంచి చూస్తారు. డబ్బు వ్యవహారాలు ఎలా కలిశాయి, ఇల్లు ఎలా నడుస్తోంది, నలుగురిలో మీరు దంపతులుగా ఎలా ఉన్నారు, ఒకరికొకరు ఎంత కట్టుబడి ఉన్నారు అని. కొన్నేళ్ళు కలిసి ఉన్న జంటకి ఇవన్నీ సులువే. మన అమ్మాయి ఆయనతో కలిసి ఉన్నది ఇరవై రోజులు, అందులో సగం వ్రతాలూ చుట్టాల ఇళ్ళూ. ఏం చూపిస్తుంది?

చాలానే ఉంటాయి, మనకి అవి రుజువులని తోచదంతే. పెద్దలు కుదిర్చిన పెళ్ళిని వాళ్ళు తప్పు పట్టరు. కానీ పెళ్ళిచూపులంటే ఏమిటో ఆ కాగితాలు చూసే అధికారికి తెలిసి ఉండాలని లేదు కదా. మీ పరిచయం ఎలా జరిగిందో మీరూ, ఆయనా విడివిడిగా రాసి ఇవ్వాలి. "పెద్దలు కుదిర్చారు, పెళ్ళి చేసుకున్నాం" అని రెండు వాక్యాల్లో తేల్చేయకండి. సంబంధం ఎవరు తెచ్చారు, ఏ నెలలో చూసుకున్నారు, మొదట మీరేం మాట్లాడుకున్నారు, ఒప్పుకోవడానికి ఎన్నాళ్ళు తీసుకున్నారు, తాంబూలాలకీ పెళ్ళికీ మధ్య ఫోన్లో ఏం పంచుకున్నారు, పెళ్ళయ్యాక ఎక్కడెక్కడ ఉన్నారు, రేపు ఎక్కడ కాపురం పెడతారు, మీ ఉద్యోగం సంగతి ఏమనుకున్నారు... ఇవన్నీ మీ మాటల్లో రాయండి. ఇంగ్లీషు అంత బాగా రాకపోతే తెలుగులో రాసి అనువాదం చేయించి, రెండూ జతచేయండి. ఏజెంటు దగ్గర తయారుగా ఉండే ప్రేమలేఖలాంటి నమూనా మాత్రం వద్దు. పది మంది అమ్మాయిలు ఒకే వాక్యం రాస్తే పదకొండో అమ్మాయిని ఎవరు నమ్ముతారు?

శుభలేఖ దాచండి. అందులో రెండు వైపుల పెద్దల పేర్లూ ఉంటాయి, అది మంచి రుజువు. పెళ్ళి ఆల్బం మొత్తం పంపనక్కర్లేదు. ఇరవై ముప్ఫై ఫొటోలు చాలు. అయితే తలంబ్రాల ఫొటోలే కాకుండా అత్తవారింట్లో భోజనాల దగ్గర, అన్నవరమో యాదగిరిగుట్టో వెళ్ళినప్పుడు, ఆడపడుచు పిల్లలతో తీసుకున్నవీ ఉండాలి. ఒక్కోదానికీ తేదీ, ఊరు, పక్కన ఉన్నది ఎవరో రాయండి. వాట్సాప్ కబుర్లలో మీ ఆంతరంగికం అంతా పరచనక్కర్లేదు. నెలకి ఒకటి రెండు చోట్ల, వరసగా మాట్లాడుకుంటున్నారని తెలిసేట్టు తీసి పెడితే సరి. ఆయన మీకు పంపిన డబ్బు బ్యాంకు ద్వారా వచ్చేట్టు చూసుకోండి. చేతికిచ్చిన నోట్లకి రుజువేదీ? ఆయన బీమాలోనూ, అక్కడ సూపర్‌యాన్యుయేషన్ అనే పింఛను నిధిలోనూ మీ పేరు చేర్పిస్తే అది రుజువూ అవుతుంది, మీకు భద్రతా అవుతుంది.

పెళ్ళి రిజిస్ట్రేషను మాత్రం అబ్బాయి విమానం ఎక్కకముందే కావాలి. ఇద్దరూ స్వయంగా వెళ్ళవలసిన పని. గుళ్ళూ గోపురాలూ తిరిగే ఆ వారంలోనే ఒక పూట సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి కేటాయించండి. లేదంటే ఒక్క సంతకం కోసం ఆయన మళ్ళీ టికెట్టు కొనుక్కుని రావాలి.

పేర్ల గొడవ ఒకటి ఉంది మనకి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో పేరు ముందు ఇంటిపేరు వెనక, శుభలేఖ మీద ఇంట్లో పిలిచే పేరు! వాళ్ళకి వీళ్ళంతా నలుగురు అమ్మాయిల్లా కనిపిస్తారు. ఫారంలో మీకున్న ఇతర పేర్లు అడిగే చోట ఇవన్నీ ఉన్నదున్నట్టు రాసేయండి. పెళ్ళవగానే ఇంటిపేరు మార్పించాలని అత్తగారు తొందరపెడితే, మార్చుకోకపోయినా వీసాకి అడ్డేమీ లేదని నెమ్మదిగా చెప్పండి. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న పాస్‌పోర్టు నిక్షేపంగా చెల్లుతుంది. దరఖాస్తు మధ్యలో పాస్‌పోర్టు మారిస్తేనే ఆ సంగతి మళ్ళీ తెలియజేయవలసిన కొత్త పని.

పోలీసు సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా, వైద్య పరీక్ష వాళ్ళు గుర్తించిన డాక్టర్ల దగ్గరే. వేచి ఉండే కాలం ఏడాది దాటడం కొత్త కాదు, అలా దాటితే ఈ రెండూ మళ్ళీ అడగవచ్చు. నెల తప్పితే మాత్రం ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. పుట్టే బిడ్డ విషయం కూడా ఆ శాఖకి తెలపాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, పాత పెళ్ళి ఏదైనా ఉంటే దాచకండి. తప్పుడు కాగితం ఒక్కటి బయటపడితే వీసా పోవడమే కాదు, మూడేళ్ళు మళ్ళీ వీసా ఇవ్వకుండా ఆపే నిబంధన ఉంది. "గ్యారంటీగా తెప్పిస్తాం" అనే ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. వీసా ఇచ్చేది ఆయన కాదు.

డబ్బు సంగతి. ఈ దరఖాస్తు ఫీజు 2025 జూలైలో 9,365 ఆస్ట్రేలియన్ డాలర్లు చేశారు, ఏటా జూలై 1న మారుతుంటుంది. మన లెక్కలో అయిదు లక్షలు దాటిన మాట. వీసా రాకపోతే మామూలుగా తిరిగివ్వరు. ఈ సొమ్ము ఎవరు కట్టాలి? "అమ్మాయిని పంపించుకునేది మీరే కదా, ఫీజు మీరే కట్టండి" అని వియ్యపురాలు తాంబూలాల నాడే అంటున్న ఇళ్ళున్నాయి. దీనికి వీసా ఖర్చు అని పేరు పెట్టినా, నా లెక్కలో ఇది కట్నమే. 1961 నుంచి మన దేశంలో కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరం. భార్యని తన దగ్గరికి పిలిపించుకునే ఖర్చు భర్తది. అమ్మాయి సంపాదిస్తుంటే ఇద్దరూ పంచుకోవచ్చు, అది వాళ్ళ ఇష్టం. పెన్షను డబ్బు మీద బతుకుతున్న తండ్రిది మాత్రం కాదు.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అందుకని ఇంకో సంగతి చెప్పాలి, నొచ్చుకోకండి. స్పాన్సరు చేసే భర్త కూడా తన పోలీసు రికార్డు ఇవ్వాలి. హింసకు సంబంధించిన నేరాల వంటివి అందులో ఉంటే మీకు తెలియజేసే అధికారం ఆ శాఖకి ఉంది. ఒక మనిషి జీవితం మొత్తం మీద మామూలుగా ఇద్దర్ని మాత్రమే ఇలా స్పాన్సరు చేయగలడు, ఆ రెండింటికీ మధ్య అయిదేళ్ళు ఉండాలి. కాబట్టి ఆయన ఇంతకుముందు ఎవరినైనా పిలిపించాడా అని అడగడం మీ హక్కు.

అక్కడికి వెళ్ళాక ఏదైనా తేడా వస్తే కొందరు మగవాళ్ళు ఆడే మాట ఒకటుంది - "నీ వీసా రద్దు చేయించి పంపించేస్తా." అది ఆయన చేతిలో లేదు. నిర్ణయం ప్రభుత్వ శాఖది. స్పాన్సరుగా తప్పుకుంటానని ఆయన రాసివ్వగలడు, అంతే. మీరు 309 మీద అక్కడ అడుగుపెట్టాక ఇంట్లో హింస వల్ల కాపురం విచ్ఛిన్నమైతే, భర్త అండ లేకుండానే శాశ్వత వీసా కోరుకునే వీలు వాళ్ళ చట్టంలో ఉంది. కొట్టడం ఒక్కటే హింస కాదు. బెదిరించడం, డబ్బు చేతికివ్వకపోవడం కూడా లెక్కలోకి వస్తాయి. విక్టోరియా రాష్ట్రం 2018లో తన కుటుంబ హింస చట్టాన్ని సవరించి కట్నం వేధింపుని పేరుపెట్టి అందులో చేర్చింది. కట్నం వేధింపుల మీద ఆస్ట్రేలియా సెనేటు కమిటీ ఒకటి విచారణ జరిపి 2019లో నివేదిక కూడా ఇచ్చింది. మన ఇళ్ళ ముచ్చట అంత దూరం వెళ్ళిందంటే ఎందరు అమ్మాయిలు ఏడ్చి ఉంటారో ఊహించుకోండి.

అక్కడి ఫోన్ నంబర్లు మూడు మీ డైరీలో రాసుకోండి. ప్రాణాపాయం అయితే 000. ఇంట్లో హింస గురించి సలహాకి 1800 737 732, రాత్రీ పగలూ పలుకుతారు. ఇంగ్లీషు తడబడితే 131 450కి చేసి "తెలుగు" అని ఒక్క మాట అనండి, దుబాసీని కలుపుతారు. పాస్‌పోర్టు మాత్రం మీ దగ్గరే ఉండాలి, ఆయన సొరుగులో కాదు. మీ నగల జాబితా, ఫొటోలు ఒక కాపీ అమ్మ దగ్గర ఉంచి వెళ్ళండి.

చాలామందికి ఇవేవీ అవసరం రావు, రాకూడదు కూడా. హాయిగా దిగి, కుక్కర్ ఏ సైజుది తెచ్చుకోవాల్సిందో అని ఆలోచించుకునేవాళ్ళే ఎక్కువ. దిగిన వెంటనే మెడికేర్‌లో పేరు నమోదు చేయించుకోండి, ప్రభుత్వ వైద్యం అందుతుంది. 309 మీద ఉద్యోగం చేయడానికి పూర్తి అనుమతి ఉంది. ఇంగ్లీషు బాగా రానివాళ్ళకి ప్రభుత్వమే ఉచితంగా తరగతులు నడుపుతోంది. సిగ్గుపడకుండా చేరండి, స్నేహితులూ దొరుకుతారు.

రెండో విడత రుజువుల కోసం ఒక అట్టపెట్టె మొదటి రోజునుంచే పెట్టుకోండి. ఇద్దరి పేరుతో వచ్చిన పెళ్ళి పిలుపులు, ఇంటి అద్దె కాగితం, బ్యాంకు జాయింటు ఖాతా పత్రాలు అందులో వేస్తూ పోండి. కరెంటు బిల్లు మీద మీ పేరు కూడా చేర్పించమని ఆయన్ని మొదటి నెలలోనే అడగండి.