పురుగుమందుల నడుమ పనిచేసే మహిళలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు: శృంగవరపుకోట మహిళా రైతులు, కూలీల వినతిపత్రం

గౌరవనీయులైన విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి,

శృంగవరపుకోట మండల మహిళా రైతులు, వ్యవసాయ కూలీలు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: పురుగుమందుల నడుమ పనిచేసే మహిళలకు రొమ్ము పరీక్షలు, జన్యు సలహా, పొలంలో రక్షణ కల్పించాలని కోరుతూ.

ఆర్యా,

మా ఊళ్లలో మందు కొట్టేది ఎక్కువగా మగవాళ్లే. డ్రమ్ములోకి నీళ్లు మోసేది, మందు కొట్టిన మడిలో కలుపుకు దిగేది, మందుతో తడిసిన బట్టలు ఉతికేది మేము. పంపు మా భుజాన లేదు కాబట్టి మందు మాకు తగలలేదనుకోవడం తప్పు.

ప్రతి రొమ్ము క్యాన్సరుకూ పురుగుమందే కారణమని మేము అనడం లేదు. అయితే సంబంధం ఉందనడానికి ఆధారాలున్నాయి. కాలిఫోర్నియాలో 1959-67 మధ్య కాన్పుకు అటూఇటూగా తల్లుల నుంచి సేకరించి దాచిన రక్తాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు, డీడీటీ అనే పురుగుమందు ఎక్కువగా ఉన్న తల్లుల కూతుళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు 4 రెట్లని 2015లో ప్రకటించారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం డీడీటీ, మలాథియాన్, గ్లైఫోసేట్‌లను మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది.

రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం వంశపారంపర్యం. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లోని లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. పుట్టుకతో వచ్చిన జన్యువును మార్చుకోలేం, పొలంలో తగిలే మందును మాత్రం తగ్గించుకోగలం. అందుకే రెండింటినీ కలిపి చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతుండగానే ఏళ్లు గడిచాయి. అలా కాకుండా, మా దగ్గర జబ్బుల లెక్క ముందే మొదలవ్వాలి.

మా కోర్కెలు:

1. 30 ఏళ్లు దాటిన ప్రతి మహిళకూ ఊళ్లోనే, మహిళా సిబ్బందితో రొమ్ము పరీక్ష చేయించాలి. అనుమానం ఉన్నవారిని అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపి, దారి ఖర్చులు, పోయిన కూలి చెల్లించాలి.

2. ఆశా, ఏఎన్ఎంలు రాసే ఆరోగ్య వివరాల్లో ఏ మందుల నడుమ ఎన్నేళ్లు పనిచేశామో, రక్తసంబంధీకుల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎవరికి వచ్చాయో మా అనుమతితో చేర్చాలి.

3. రక్తసంబంధీకుల్లో ఈ క్యాన్సర్లు వచ్చిన కుటుంబాలకు జన్యు సలహా, అవసరమైతే జన్యు పరీక్ష ఉచితంగా అందించాలి. ఆడపిల్లల పెళ్లి సంబంధాలకు అడ్డం కాకుండా ఫలితాలను గోప్యంగా ఉంచాలి.

4. పురుగుమందు సోకి అస్వస్థులైన ప్రతి ఘటననూ తప్పనిసరిగా నివేదించేలా, 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇవ్వాలని ప్రభుత్వానికి సిఫారసు చేయాలి.

5. 2011లో సుప్రీంకోర్టు ఆపిన ఎండోసల్ఫాన్, 2020తో వాడకానికి గడువు ముగిసిన ఫోరేట్, ట్రయజోఫాస్ దుకాణాల్లో దొరక్కుండా తనిఖీలు చేయాలి.

6. మందు కొట్టిన మడికి తేదీతో గుర్తు పెట్టించాలి. మందు ప్రభావం తగ్గే గడువు తీరేదాకా అందులోకి కూలీలను దింపకూడదు. ఆడవాళ్ల కొలతకు సరిపోయే గ్లవుజులు, మాస్కులు ఉచితంగా ఇవ్వాలి. గర్భిణులను, బాలింతలను, పిల్లలను మందు పనికి దూరంగా ఉంచాలి.

7. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సాగును మా మహిళా సంఘాల కూరగాయల మడులతో మొదలుపెట్టి విస్తరించాలి.

ఖరీఫ్‌లో మందు కొట్టే రోజులు మొదలయ్యేలోగా వైద్య, వ్యవసాయ శాఖల అధికారులతో శృంగవరపుకోటలో సమావేశం జరిపి, ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో మాకు లిఖితపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
శృంగవరపుకోట మండల మహిళా రైతులు, వ్యవసాయ కూలీలు