వాపు ఎవరి తప్పూ కాదు
హిమోఫిలియా-బి ఉన్నవారి రక్తంలో లోపించే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన తొమ్మిదో ఫ్యాక్టర్‌ను వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో హామ్‌స్టర్ కణాలలో తయారుచేశారు. ఇక్సినిటీ పేరుతో 2015లో దానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. మోకాలు వాచిన ప్రతిసారీ ‘నా అజాగ్రత్తే’ అంటూ రోగి తనపై వేసుకునే నిందకు మాత్రం ఆ సీసాలో మందు లేదు. ఫ్యాక్టర్ 1 శాతం కంటే తక్కువుంటే దెబ్బ తగలకుండానే కీళ్లలో రక్తం చేరుతుంది, అందులో తప్పెవరిది? జబ్బు తల్లి వైపుదంటూ కోడలిని వేలెత్తి చూపే తెలుగు ఇళ్లకు తెలియాల్సింది ఇంకొకటి: దాదాపు మూడో వంతు కేసుల్లో కుటుంబ చరిత్రే ఉండదు. నింద చేసే అసలు హాని ఒంటికే. సిగ్గుపడ్డవాడు నొప్పి దాస్తాడు, సూది ఆలస్యమవుతుంది, కీలు అరిగిపోతుంది. తనపై దయ చూపడమంటే కీలులో చిమచిమ మొదలవగానే ఫ్యాక్టర్ ఎక్కించుకుని, ఆ రోజు పనికి సెలవు పెట్టడం.